పిల్లల పాట విదేశీ చార్టుకెక్కితే: హైదరాబాద్ తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లలకు పాట నేర్పించే తల్లిదండ్రులు ఒకప్పుడు అడిగే ప్రశ్న ఒక్కటే: టీవీ పోటీకి ఎంపికవుతుందా? 1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలైన నాటి నుంచి ఆ ఆశ మన ఇళ్లలో తగ్గింది లేదు. ఈ మధ్య ప్రశ్నలు మారాయి. బిల్‌బోర్డ్ అంటే ఏమిటి, అందులోకి ఎలా వెళ్తారు, వెళ్తే ఎంత వస్తుంది అని అడుగుతున్నారు. చిక్కడపల్లి నుంచి కూకట్‌పల్లి దాకా సంగీతం తరగతుల గుమ్మాల దగ్గర, స్టూడియోల బయట వేసిన కుర్చీల్లో మళ్లీ మళ్లీ వినిపించే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాం. కొన్ని జవాబులు మీకు నచ్చకపోవచ్చు.

చిన్నపిల్లలు నిజంగానే వేరే దేశపు పాప్ చార్టుల్లో మొదటి స్థానానికి చేరారా?

చేరారు. అందరూ ముందుగా చెప్పే పేరు జిమ్మీ ఆస్మండ్. అమెరికా బాలుడు. అతని పాట 1972 డిసెంబరులో బ్రిటన్ చార్టులో, అంటే వారం వారం వేసే పాటల అమ్మకాల జాబితాలో, మొదటి స్థానానికి చేరి, అయిదు వారాలు అక్కడే కూర్చుంది. అప్పటికి అతని వయసు తొమ్మిదేళ్ల ఎనిమిది నెలలు. అదే పాట సొంత దేశంలో 38వ స్థానం దాటి పైకి రాలేదు.

జపాన్ కథ ఇంకా చిత్రమైనది. ఇటలీలోని బొలోనియాలో జెకినో దోరో అనే పిల్లల పాటల పండుగ జరుగుతుంది. 1969 పండుగలో నల్లపిల్లి మీద ఒక పాట వచ్చింది. పాడింది నాలుగేళ్ల పాప. అదే ఏడాది ఆ బాణీకి జపనీస్ మాటలు కట్టి, ఒసాము మినగావా అనే ఆరేళ్ల బాబు చేత పాడించారు. జపాన్ ఓరికాన్ చార్టులో అది మొదటి స్థానానికి వెళ్లింది, 20 లక్షలకు పైగా రికార్డులు అమ్ముడయ్యాయి. ఇక్కడ సముద్రం దాటింది పాటే, పిల్ల కాదు. తల్లిదండ్రులు ఈ తేడాను గుర్తుపెట్టుకోవాలి. పాట ఒకరిది, గొంతు ఒకరిది, డబ్బు మరొకరిది కావచ్చు.

కొంచెం దగ్గరి కాలానికి వస్తే కోనీ టాల్బట్. 2007లో బ్రిటన్ టీవీ ప్రతిభా పోటీలో ఫైనల్ దాకా వచ్చిన ఆరేళ్ల పాప. ఒక పెద్ద రికార్డు కంపెనీ ముందు చేతులు చాచి, ఇంత చిన్న వయసు వద్దని వెనక్కి తగ్గింది. తర్వాత ఒక చిన్న సంస్థ ఆమె ఆల్బమ్ తెచ్చింది. బడి మానాల్సిన అవసరం లేకుండా బంధువుల ఇంట్లో ఒక గదిలోనే రికార్డింగ్ కానిచ్చారు. బ్రిటన్ చార్టులో అది 35వ స్థానం వరకే వెళ్లింది. దక్షిణ కొరియాలో మాత్రం మొదటి స్థానం.

సొంత ఊళ్లో రాని పేరు పరాయి దేశంలో ఎలా వస్తుంది?

పెద్దవాళ్లు పాడితే మాట అర్థం కావాలని కోరుకుంటాం. పిల్లలు పాడితే మాట తెలియకపోయినా వినేస్తాం. అందుకే పిల్లల గొంతుకు భాష అంత అడ్డు కాదు. 1960ల చివర నెదర్లాండ్స్ బాలుడు హైంట్యే జర్మన్ భాషలో పాడి పశ్చిమ జర్మనీ ఇళ్లన్నీ నింపేశాడు. అతని పేరు తెచ్చిన పాట అమ్మ మీద. అలాంటి పాటను తోటి పిల్లలకంటే ఎక్కువగా పెద్దవాళ్లే కొంటారు.

అయితే గొంతు ఒక్కటే చాలదు. జిమ్మీ విషయంలో పొలం ముందే దున్ని ఉంది. అతని అన్నలు అప్పటికే బ్రిటన్‌లో పేరు మోసినవాళ్లు. అన్న డానీ పాట అదే ఏడాది జులైలో అదే చార్టులో అయిదు వారాలు మొదటి స్థానంలో ఉంది. పైగా జిమ్మీ పాట పైకెక్కింది క్రిస్మస్ వారంలో. మామూలు రోజుల్లో రికార్డుల దుకాణం గడప తొక్కని తాతలు, అమ్మమ్మలు కూడా అప్పుడు మనవల కోసం కొంటారు. అంతకుముందే 1970లో అతను జపనీస్‌లో కూడా పాడి అక్కడ పేరు తెచ్చుకున్నాడు. ఊహించని విజయం అని పత్రికలు రాస్తాయి గాని, చాలాసార్లు ఊహించనిది దేశం ఒక్కటే. మిగిలిన ఏర్పాటంతా పెద్దవాళ్లు ముందే చేసి ఉంటారు.

మన వైపు నుంచి అలాంటివాళ్లు లేరా?

కరాచీలో పుట్టి లండన్‌లో పెరిగిన నాజియా హసన్‌ను చెప్పుకోవాలి. 1980 నాటి హిందీ సినిమా ‘కుర్బానీ’ కోసం ఆమె చేత పాడించింది బెంగళూరులో పుట్టి బ్రిటన్‌లో స్థిరపడిన సంగీత దర్శకుడు బిడ్డు. పదిహేనేళ్లకే ఫిల్మ్‌ఫేర్ బహుమతి అందుకుంది. దారి తిరగబడింది చూడండి: లండన్ గొంతు బొంబాయికి వచ్చింది.

తెలుగు పాట ప్రపంచానికి వినిపించిన సందర్భం అంటే అందరికీ 2023 ఆస్కార్ గుర్తొస్తుంది. ‘నాటు నాటు’ పాడిన ఇద్దరిలో రాహుల్ సిప్లిగంజ్ మన హైదరాబాద్ కుర్రవాడే. కాని ఆ పాట వెనక ఒక భారీ సినిమా, పేరున్న దర్శకుడు, నెలల తరబడి సాగిన ప్రచారం ఉన్నాయి. దాన్ని చూపించి ‘మా బాబు కూడా’ అంటే జవాబు చెప్పడం కష్టం.

చార్టు అంటే అసలు ఏమిటి? ఎవరు లెక్కిస్తారు?

ఒక దేశంలో, ఒక వారంలో, ఏ పాటను ఎంతమంది కొన్నారు, విన్నారు అన్న లెక్క. అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక వేసే ‘హాట్ 100’ ముఖ్యమైనది. బ్రిటన్‌లో అఫీషియల్ చార్ట్స్ కంపెనీ, జపాన్‌లో ఓరికాన్ ఈ పని చేస్తాయి. ఒకప్పుడు దుకాణాల్లో అమ్మిన రికార్డులు, రేడియోలో వేసిన పాటలే లెక్క. బిల్‌బోర్డ్ 2013 ఫిబ్రవరిలో యూట్యూబ్ వీక్షణలను కూడా లెక్కలోకి తెచ్చింది. బ్రిటన్ సింగిల్స్ చార్టు (విడి పాటల జాబితా) 2014 జులైలో స్ట్రీమింగ్‌ను, అంటే కొనకుండా నెట్‌లో వినడాన్ని, కలిపింది. అప్పట్లో నూరుసార్లు వింటే ఒక అమ్మకంతో సమానం. తర్వాత అది నూట యాభైకి పెరిగింది. డబ్బు కట్టి వినేవారి లెక్క ఉచితంగా వినేవారి లెక్కకంటే బరువైనది. ఈ నియమాలు తరచూ మారుతుంటాయి కాబట్టి ఎప్పటిదో వ్యాసం చదివి కూడికలు వేసుకోకండి.

అమెరికా, బ్రిటన్‌లలో చార్టు వారం శుక్రవారం మొదలై గురువారంతో ముగుస్తుంది. 2015 జులై నుంచి ప్రపంచమంతటా కొత్త పాటలు శుక్రవారమే విడుదల చేసే ఆచారం వచ్చింది. మనకు సినిమా శుక్రవారం అలవాటే కాబట్టి ఇది తేలిగ్గా గుర్తుంటుంది.

మా పాప పాటను హైదరాబాద్‌లో లక్షల మంది వింటే అమెరికా చార్టులోకి వస్తుందా?

రాదు. హాట్ 100కు అమెరికాలో విన్నది, కొన్నది, అక్కడి రేడియోలో వేసినదే లెక్క. తెలుగు రాష్ట్రాలంతా ఏకమై విన్నా అక్కడ ఒక్క మెట్టు కదలదు. ఇక్కడి వినికిడి పనికొచ్చేది ‘గ్లోబల్ 200’ లాంటి జాబితాకు. దాన్ని బిల్‌బోర్డ్ 2020 సెప్టెంబరులో మొదలుపెట్టింది.

మరి మన డల్లాస్, న్యూజెర్సీ బంధువులు? వాళ్లు వింటే అమెరికా లెక్కలోకి వస్తుంది. పంజాబీ పాటలు కెనడా చార్టుల్లో కనిపించడానికి ఒక పెద్ద కారణం అక్కడ స్థిరపడిన పంజాబీలే. తెలుగువాళ్లం అమెరికాలో తక్కువేమీ కాదు. అయితే మనం అక్కడ కూడా సినిమా పాటలే వింటాం. సినిమా లేకుండా వచ్చిన పిల్లల పాటను వారం పొడుగునా, రోజూ, డబ్బు కట్టిన ఖాతాలో వినే అలవాటు మనకు ఇంకా రాలేదు.

‘ఐట్యూన్స్‌లో నంబర్ వన్’ అని పత్రికలో వేశారు. అది చార్టు కాదా?

అది యాపిల్ వాళ్ల ఆన్‌లైన్ పాటల దుకాణం ఒక్కదానిలో అప్పటికప్పుడు జరిగిన అమ్మకాల జాబితా. చిన్న దేశంలో, చిన్న విభాగంలో కొద్దిమంది కొన్నా మొదటి స్థానం వచ్చేస్తుంది. పత్రికా ప్రకటనలో ఏ దేశం, ఏ జాబితా, ఏ వారం అన్న మూడు వివరాలూ లేకపోతే తొందరపడి స్వీట్లు పంచకండి.

పాట పైకెక్కితే పిల్లకు పేరు వచ్చినట్టే కదా?

‘బేబీ షార్క్’ వినని ఇల్లు ఉందా? 2019 జనవరిలో అది హాట్ 100లో 32వ స్థానానికి వచ్చింది. 2020 నవంబరులో యూట్యూబ్‌లో అత్యధికంగా చూసిన వీడియో అయింది. పాడింది పదేళ్ల బాలిక. ఆమె పేరు చెప్పగలరా? చార్టులో కనిపించింది కంపెనీ పేరు.

బ్రిటన్‌లో 1982 నాటి ‘ది స్నోమ్యాన్’ అనే యానిమేషన్ చిత్రంలో ఒక పాట ఉంది. సినిమాలో పాడిన బాలుడు పీటర్ ఆటీ పేరు అప్పట్లో తెర మీద వేయలేదు. 1985లో అదే పాటను అలెడ్ జోన్స్ అనే పద్నాలుగేళ్ల బాలుడు మళ్లీ రికార్డు చేస్తే అది చార్టులో అయిదో స్థానానికి వెళ్లింది. ఈ నాటికీ చాలామంది సినిమాలో వినిపించే గొంతు కూడా జోన్స్‌దే అనుకుంటారు. మళ్లీ ఆటీ చేత ఎందుకు పాడించలేదంటే, అప్పటికి అతని గొంతు మారిపోయింది.

అందుకని ఒప్పందంలో పేరు ఎక్కడ, ఏ అక్షరాలతో వేస్తారన్నది రాయించుకోండి. డబ్బు గురించి అడగడానికి మొహమాటపడేవాళ్లు కూడా దీన్ని నిస్సంకోచంగా అడగవచ్చు.

ఒప్పందం మీద ఎవరు సంతకం పెట్టాలి? నాన్న పెడితే సరిపోదా?

ఇది అందరూ తేలిగ్గా తీసుకునే విషయం, నిజానికి అన్నిటికంటే బరువైనది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం కింద 18 ఏళ్లు నిండనివారు చేసుకున్న ఒప్పందం చెల్లదు. 1903లో మొహరీ బీబీ కేసులో, అప్పట్లో మన కోర్టులన్నిటికీ పైనున్న లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ఆ మాట ఖాయం చేసింది. ‘అందుకే కదా మేం సంతకం పెడుతున్నాం’ అంటారు తల్లిదండ్రులు. బొంబాయి హైకోర్టు ముందుకు వచ్చిన రాజ్ రాణి కేసు సరిగ్గా ఇదే. మైనరు అయిన నటి తరఫున ఆమె తండ్రి నిర్మాతతో మాట్లాడుకున్నాడు. ఆ వేషాన్ని నిర్మాత మరొకరికి ఇచ్చేశాడు. పరిహారం అడిగితే, ఒప్పందమే చెల్లదు కాబట్టి పాపకు గాని, తండ్రికి గాని దావా వేసే హక్కు లేదని కోర్టు తేల్చింది. అంటే సంతకం ఉంది కదా అని ధీమాగా ఉండటానికి వీల్లేదు. కాపీరైటు వ్యవహారాలు తెలిసిన న్యాయవాదికి చూపించి, షరతుకు షరతు విడగొట్టి రాయించుకోవాలి.

మామూలుగా చేతికి వచ్చే కాగితం ఎలా ఉంటుందంటే: పైన స్టాంపు పేపరు, లోపలంతా ఇంగ్లిషు. మొదటి పేజీలో పాట పేరు, పాప పేరు, ఒక చిన్న మొత్తం. తర్వాతి పేజీలో ఇరుకైన అక్షరాల్లో ఒక పొడవాటి వాక్యం. ఇప్పుడున్న, ఇకముందు కనిపెట్టబోయే అన్ని మాధ్యమాల్లో, విశ్వమంతటా, శాశ్వతంగా హక్కులన్నీ కంపెనీవే అని దాని సారాంశం. ‘విశ్వమంతటా’ అన్నచోట నవ్వొస్తుంది, కాని వాళ్లు సరదాకి రాయలేదు. మన కాపీరైటు చట్టంలో ఒక వెసులుబాటు ఉంది. హక్కులు రాసిచ్చే పత్రంలో కాలం చెప్పకపోతే అయిదేళ్లు, ప్రాంతం చెప్పకపోతే భారతదేశం అని అర్థం చేసుకుంటారు. ఆ వెసులుబాటు మీకు దక్కకూడదనే ఆ రెండు మాటలూ అంత కచ్చితంగా రాస్తారు. పాట మీ ఇంట్లోనే పుట్టినదైతే మాటలకు, బాణీకి, రికార్డింగుకు విడివిడిగా హక్కులుంటాయి. మూడూ ఒకే సంతకంతో ఇచ్చేయకండి. పాడినవారికి కూడా వ్యాపార వినియోగంలో రాయల్టీ హక్కు ఉందని 2012 సవరణ చెప్పింది.

డబ్బు వస్తే ఎవరిది?

పిల్లది. ఇంత చిన్న జవాబు చెప్పినా చాలామందికి మింగుడుపడదు, ఎందుకంటే క్యాబ్ ఖర్చులు, స్టూడియో అద్దె, బట్టలు అన్నీ పెట్టుకున్నది తల్లిదండ్రులే.

బాల కార్మిక చట్టం కింద 2017లో వచ్చిన నియమాల ప్రకారం, 14 ఏళ్లలోపు బాల కళాకారుల సంపాదనలో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో పిల్ల పేరు మీద ఫిక్సెడ్ డిపాజిట్ వేయాలి. మేజరు అయ్యాక అది ఆమెకే దక్కాలి. ఇలాంటి ఆలోచనకు పాత ఉదాహరణ కాలిఫోర్నియాది. మూకీ సినిమాల బాల నటుడు జాకీ కూగన్ పెద్దయ్యాక చూసుకుంటే సంపాదించినదంతా దాదాపు ఖర్చయిపోయి ఉంది. ఆ గొడవ నుంచే 1939లో అక్కడ చట్టం పుట్టింది. మా అభిప్రాయం అడిగితే 20 శాతం చాలా తక్కువ. ఖర్చులు పోగా మిగిలినదంతా డిపాజిట్‌లోకే వెళ్లాలి.

పన్ను విషయం: పిల్లలు తమ ప్రతిభతో సంపాదించింది తల్లిదండ్రుల ఆదాయంలో కలవదు, పిల్ల పేరు మీదే లెక్క. కాని ఆ డిపాజిట్ మీద వచ్చే వడ్డీ మాత్రం తల్లిదండ్రుల ఆదాయంలో కలుస్తుంది. పిల్లకు పాన్ కార్డు తీసుకోండి. యూట్యూబ్‌లో అమెరికా ప్రేక్షకుల నుంచి వచ్చిన వాటా మీద అక్కడి పన్ను కోత ఉంటుంది. పన్ను పత్రం సరిగ్గా నింపితే ఆ కోత తగ్గుతుంది.

రికార్డింగ్‌కు ఎంతసేపు కూర్చోబెట్టవచ్చు?

అవే నియమాల్లో ఉంది: రోజుకు అయిదు గంటలకు మించరాదు, విరామం లేకుండా మూడు గంటలకు మించరాదు, వరసగా 27 రోజులు దాటరాదు. వ్యాపార కార్యక్రమమైతే నిర్మాత ఆ జిల్లా కలెక్టరు అనుమతి తీసుకోవాలి. పిల్లకు ఇష్టం లేకుండా పాడించకూడదని కూడా స్పష్టంగా రాశారు.

కాగితం మీద ఇది బాగుంది. యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ వైపు చిన్న స్టూడియోలో ఏం జరుగుతుందో చూడండి. మైకు స్టాండు ఎంత దించినా అందకపోతే కాళ్ల కింద చెక్కపెట్టె వేస్తారు. పెద్దల హెడ్‌ఫోన్లు జారిపోకుండా రుమాలు మడిచి పెడతారు. ఏసీ చప్పుడు మైకులో పడకుండా ఆపేస్తారు, కాసేపటికి గదిలో ఉక్కపోత. పల్లవి బ్రహ్మాండంగా వచ్చిందని అందరూ అన్న తర్వాత ‘ఇంకొక్కటి, ఎందుకైనా మంచిది’ అంటారు. ఆ ‘ఇంకొక్కటి’ గంట దాటుతుంది. అలసిన పిల్ల వెంటనే శ్రుతి తప్పదు. ముందు చూపు తప్పుతుంది. పాడుతూ పాడుతూ అద్దం అవతల కూర్చున్న అమ్మ వైపు చూడటం మొదలుపెడుతుంది. అక్కడ ఆపించాల్సింది అమ్మే. సౌండ్ ఇంజినీరు తల వంచుకుని స్క్రీను చూసుకుంటుంటాడు, అతనికి కనిపించదు.

సినిమా పాటను మా బాబు పాడి పెట్టాడు. అది పైకెక్కితే?

వీడియోకు వచ్చే ప్రకటనల ఆదాయం ఆడియో కంపెనీ ఖాతాలోకి వెళ్లవచ్చు. అనుమతి లేకపోతే వీడియోనే తీసేయవచ్చు. కవర్ పాటలకు, అంటే ఉన్న పాటను వేరేవాళ్లు మళ్లీ పాడి రికార్డు చేసినవాటికి, చట్టంలో లైసెన్సు మార్గం ఉంది గాని, అసలు రికార్డింగు వచ్చి అయిదేళ్లు దాటాలి, రాయల్టీ ముందే కట్టాలి. సొంత పాట ఉండటమే మేలు. మన దగ్గర పిల్లల కోసం కొత్తగా పాటలు రాసేవాళ్లు తగ్గిపోవడం వేరే బాధ. న్యాయపతి రాఘవరావు దంపతులు, అంటే మన రేడియో అన్నయ్య, అక్కయ్య, పిల్లల కోసమే పాటలు కట్టించి పాడించిన ఊరు ఇది.

గొంతు మారితే ఏం చేయాలి?

ఏమీ చేయకూడదు. మగపిల్లలకు సుమారు 12 నుంచి 15 ఏళ్ల మధ్య స్వరపేటిక పెరిగి గొంతు కిందికి దిగుతుంది. ఆడపిల్లలకూ మార్పు ఉంటుంది, తక్కువగా తెలుస్తుంది. ఆ నెలల్లో పాత శ్రుతిలో పాడమని బలవంతపెడితే గొంతు దెబ్బతింటుంది. శ్రుతి దించండి, తక్కువ సేపు పాడించండి, బొంగురు వారాల తరబడి తగ్గకపోతే చెవి ముక్కు గొంతు వైద్యుడికి చూపించండి. ఒప్పందంలో ‘రెండేళ్లలో మూడు ఆల్బమ్‌లు’ లాంటి మాట ఉంటే పదకొండేళ్ల బాబు తరఫున ఒప్పుకోకండి.

చదువు?

పదో తరగతి పరీక్ష తేదీ చార్టును బట్టి మారదు.

అమెరికా తెలుగు సభల్లో పాడమని పిలిచారు. సందర్శక వీసా చాలా?

పారితోషికం తీసుకుని పాడేట్లయితే చాలదు. సంప్రదాయ కళాకారులకు పీ-3 వంటి వీసాలు ఉన్నాయి. పిలిచిన సంఘమే దానికి దరఖాస్తు పెట్టాలి. ‘ఏమీ కాదు, అందరూ అలాగే వస్తారు’ అన్నవాళ్లు విమానాశ్రయంలో మీ పక్కన ఉండరు.

ఇన్ని హెచ్చరికలు చెబుతున్నారు. బాగుపడ్డవాళ్లు లేరా?

ఉన్నారు. 1963లో పదమూడేళ్ల స్టీవీ వండర్ హాట్ 100లో మొదటి స్థానానికి వచ్చాడు, తర్వాత ఆయన ఎంత పెద్ద గాయకుడయ్యారో చెప్పనక్కర్లేదు. బ్రెండా లీ పదమూడేళ్ల వయసులో, 1958లో పాడిన క్రిస్మస్ పాట 2023 డిసెంబరులో హాట్ 100లో మొదటి స్థానానికి వచ్చింది. అప్పటికి ఆమెకు 78 ఏళ్లు. ఈమె చిన్నప్పుడు పారిస్‌లో పాడటానికి వెళ్తే, చిన్నపిల్ల అంటే ఎవరూ రారేమోనని ఆమె మేనేజరే ‘ఆమె 32 ఏళ్ల పొట్టి మనిషి’ అని పుకారు పుట్టించాడట. పిల్లల పేరుతో పెద్దలు ఆడే ఆటలు కొత్తవి కావు.

మరోవైపు జోర్డీ అనే ఫ్రెంచ్ బాబు. 1992లో నాలుగేళ్ల వయసులో ఫ్రాన్స్ చార్టులో 15 వారాలు మొదటి స్థానం, అమెరికా హాట్ 100లో 58వ స్థానం. తల్లిదండ్రులు వాడుకుంటున్నారన్న విమర్శ పెరిగి ఫ్రెంచ్ టీవీ, రేడియోలు అతన్ని దూరం పెట్టాయి. స్టీవీకి, బ్రెండాకు పాట వృత్తిగా మిగిలింది. జోర్డీకి నాలుగేళ్లప్పటి ముద్దు మాటే ఇంటిపేరులా అంటుకుంది. పాట పిల్ల గొంతు మీద నిలబడిందా, పిల్ల వయసు మీద నిలబడిందా అన్నది రికార్డింగ్‌కు ముందే వినే చెవికి తెలిసిపోతుంది. రెండోదైతే మేము వద్దనే చెబుతాం.

‘ఇంత కట్టండి, చార్టులోకి ఎక్కిస్తాం’ అని వాట్సాప్‌లో సందేశం వచ్చింది. నమ్మవచ్చా?

నమ్మకండి. వాళ్లు చేసేది యంత్రాలతో దొంగ వినికిళ్లు పెంచడం. చార్టు సంస్థలు, స్ట్రీమింగ్ కంపెనీలు వాటిని వడపోసి తీసేస్తాయి. స్పాటిఫై 2024 నుంచి అలాంటి పాటల మీద పంపిణీదారుకు, అంటే మీ పాటను యాప్‌లకు చేర్చే సంస్థకు, జరిమానా కూడా వేస్తోంది. పంపిణీదారు ఆ జరిమానాను మీ ఖాతాలో కోసుకుంటాడు, పాటను తొలగిస్తాడు. అదే పేరుతో మళ్లీ పెట్టబోతే ఒప్పుకోకపోవచ్చు. సందేశం పంపిన నంబరును బ్లాక్ చేసి, అప్పటికే డబ్బు పంపి ఉంటే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయండి.